ఊదా పుటల రహస్యము

ఇటలీదేశమున రొస్సానో పట్టణమందు 6వ శతాబ్దినాటి గ్రీకు సువార్తగ్రంథ మొకటి కలదు. అందు మిగిలిన 188 చర్మపత్రములకును ఊదారంగు వేసి, వెండిబంగారు సిరాలతో అక్షరములు లిఖించిరి.

ఇట్టి రంగు సముద్రపు నత్తలనుండి తీసిన రాజయోగ్యమగు రంగే యని పెక్కుమంది చిరకాలము తలంచిరి. అది మిక్కిలి ప్రియమైనది. 1909లో ఫ్రీడ్లాండరను రసాయనజ్ఞుడు 12,000 నత్తలనుండి 1.4 గ్రాముల రంగు మాత్రమే తీయగలిగెను. అందు బ్రోమినను మూలద్రవ్యము కలదనియు తేల్చెను.

ఆ బ్రోమినే నేడు మనకు సాక్షి. పత్రమును గిల్లకయే ఎక్సు కిరణములచే దాని ఉనికిని కనుగొందురు. మఱియు పుటపై వెలుగును ప్రసరింపజేసి, తిరిగివచ్చు కాంతిని బట్టి రంగు జాతిని నిర్ణయింతురు. 2012 పిమ్మట రోమునగరమున రొస్సానో గ్రంథమును పరీక్షింపగా, అది నత్తరంగు కాదనియు, మన వంటల రాతిపువ్వును బోలిన వేఱొక జాతినుండి తీసిన ఆర్కిల్ అను రంగనియు తేలినది.

ఇందువలన గ్రంథగౌరవము తగ్గెనా? తగ్గలేదు. ఆర్కిల్ వెలుతురు సోకిన వెలిసిపోవును. కావున రంగు నెఱుగుట వట్టి వినోదము కాదు. రోగ మెఱిగి మం దిచ్చుట వంటిది. బడిపంతులుగా జీవితము గడపిన నాకు తోచిన దొక్కటే: పూర్వుల మాటను గౌరవింపుడు, కాని పరీక్షకు నిలిచినదానినే నమ్ముడు.