'మనము' అను మాట

(చేవెళ్ళ, మొయినాబాద్ సంఘముల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శతవార్షికోత్సవములో కట్టిన గుడులను గురించి, నడిపిన బడులను గురించి పెద్దలు చెప్పియున్నారు. వాటికన్న ముందు జరిగిన పని ఒకటి ఉన్నది. అది ఒక భాషలోని మాటను మరొక భాషవారి హృదయమునకు చేర్చుట. మలయాళము, ఆఫ్రికాలోని కిటూబా, మన తెలుగు, ఈ మూడింటిని ప్రక్కప్రక్కన పెట్టి ఆ పని ఎంత జాగ్రత్తతో చేయవలసినదో మనవి చేయదలచినాము.

దూరపు భాషలు మనకెందుకని కొందరికి తోచవచ్చును. మన ప్రాంతమునకు భాషాంతరము కొత్త కాదు. తెలుగుతోపాటు ఉర్దూ వినుచున్నాము, తండాలలో లంబాడీ వినుచున్నాము. బైబిలులో 'జ్ఞాపకము' అని చదివి ఇంటికి పోయి 'యాది' అంటాము. మొయినాబాద్ చుట్టుప్రక్కల కళాశాలలు, ఆసుపత్రులు వెలసిన తరువాత కేరళ నుండి నర్సులు, ఉపాధ్యాయులు మన మధ్యకు వచ్చినారు. హైదరాబాదుకు చదువుకొరకు వచ్చు ఆఫ్రికా విద్యార్థులలో కాంగో దేశస్థులు కూడ ఉన్నారు. వీరు మన ప్రక్కన కూర్చుండి ప్రార్థించునప్పుడు ఈ ప్రశ్న దూరపుది కాదు.

కిటూబా కోంగో జనుల భాషనుండి పుట్టినది. వర్తకులు, కూలీలు, వేర్వేరు తెగలవారు కలిసినచోట తేలికపడి పెరిగినది. 1890-98 మధ్య మటాడి రైలుమార్గము వేసిన కాలములో అది మరింత వ్యాపించినది. నేడు రెండు కాంగో దేశములలోను వాడుకలో ఉన్నది. ఒకచోట 'మునుకుటూబా' అంటారు, మరొకచోట 'కికోంగో య లెటా', అనగా సర్కారువారి కికోంగో అంటారు.

మన క్రియాపదము చివరనే మనిషి దాగియున్నాడు. వస్తున్నాను, వస్తున్నావు, వస్తున్నాడు, వస్తున్నది అంటే చాలు, ఎవరో తెలియును. మలయాళములో ఎవరు వచ్చినను 'వరున్ను' ఒక్కటే. కిటూబాలో కూడ క్రియ మనిషినిబట్టి మారదు. 'మోనో' అంటే నేను, 'యాండి' అంటే అతడు లేక ఆమె, ఆ మాట ముందు చెప్పవలసినదే. ఒకే కుటుంబమునకు చెందిన తెలుగు, మలయాళములు ఇక్కడ వేరుపడగా, సముద్రము ఆవలి కిటూబా మలయాళముతో కలియుచున్నది.

గౌరవము సంగతి చూడండి. మన బైబిలులో ప్రభువును 'ఆయన' అంటాము. మలయాళ సంఘములు తరతరములుగా చదువుచున్న బైబిలులో 'అవన్' అని ఉన్నది. తెలుగు చెవికి అది 'వాడు' అన్నట్లు తోచవచ్చును. అది అగౌరవము కాదు, ఆ గ్రంథభాష పద్ధతి. కిటూబావారి 'యాండి'లో స్త్రీ పురుష భేదమే లేదు. ఒకరి వ్యాకరణముతో మరొకరి భక్తిని కొలువరాదు.

తెలిసినట్లుండు మాటలే మనలను ఎక్కువగా తప్పుదారి పట్టించును. మనకు 'అవసరము' అంటే అక్కర, మలయాళములో అవకాశము. మనకు 'సంసారము' అంటే కుటుంబము, వారికి మాటలాడుట. మనము క్రైస్తవ ఆశను 'నిరీక్షణ' అంటాము. వారికి ఆ మాట పరిశీలన. వారు ఆశకు 'ప్రత్యాశ' అంటారు. 'వర్షము' మన వాడుకలో వాన. మలయాళములో అది సంవత్సరము కూడ. ఆశ్చర్యమేమనగా కిటూబాలో కూడ 'మ్వులా' అంటే వాన, సంవత్సరము కూడ. వానలనుబట్టి ఏండ్లు లెక్కించుట రైతులైన మన చేవెళ్ళవారికి ఎవరును నేర్పనక్కరలేదు.

అన్నిటికన్న పెద్ద మాట ప్రేమ. దేవుని ప్రేమను మలయాళులు 'స్నేహం' అంటారు. 'ప్రేమం' అంటే వారి వాడుకలో యువతీ యువకుల వలపు. మనకు స్నేహమంటే చెలిమి. కిటూబాలో 'జోలా' అంటే ప్రేమించుట, కోరుకొనుట కూడ. కాంగో విద్యార్థి సాక్ష్యమును మలయాళ సహోదరికి చెప్పవలెనంటే అది తరచు ఫ్రెంచిలోనికి, అక్కడనుండి ఇంగ్లీషులోనికి, ఆపైన మలయాళములోనికి పోవలెను. మూడు చేతులు మారిన 'జోలా' చివరకు 'ప్రేమం' అయినచో సాక్ష్యము నవ్వులపాలగును. చెప్పినవారి తప్పు లేదు, విన్నవారి తప్పు లేదు. మధ్యలో అడిగినవారు లేరు.

చరిత్ర చెప్పునది ఇదియే. బెంజమిన్ షుల్జ్ 18వ శతాబ్దములోనే బైబిలును తెనిగించినను ఆ ప్రతి అచ్చు కాలేదు. 1805లో విశాఖపట్నము వచ్చిన క్రాన్, డీ గ్రాంజ్ దొరలకు ఆనందరాయరు తోడు నిలిచినారు. ఆ కృషి ఫలితముగా 1812లో సువార్తలు శ్రీరాంపురములో అచ్చయినవి. కేరళలో కాయంకుళం ఫిలిప్పోస్ రంబాన్ సురియానినుండి చేసిన సువార్తలు 1811లో బొంబాయిలో అచ్చుపడినవి. కోట్టయములో బెయిలీ దొర క్రొత్త నిబంధన 1829లో వచ్చినది. కోంగో భాషలో బెంట్లీ దొర క్రొత్త నిబంధన 1893లో వెలువడినది; ఆయనకు అడుగడుగున సహాయపడినవాడు న్లెంవో అను ఆ దేశస్థుడు. ఊరివారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని 'మీ ఇంటిలో దీనిని ఏమంటారు?' అని అడిగిన అనువాదమే నిలిచినది.

తుదకు ఒక్క మాట. తెలుగులో 'మేము' వేరు, 'మనము' వేరు. మలయాళములోను 'ఞంగళ్' వేరు, 'నమ్మళ్' వేరు. దేవునితో మాటలాడునప్పుడు 'మా తండ్రీ' అంటాము, 'మన తండ్రీ' అనము. ఎందుకనగా ఆయన వినువాడు, అడుగువారలము మేము. కిటూబాలో రెండింటికి 'బేటో' ఒక్కటే. కాంగో సోదరుడు 'బేటో' అన్నప్పుడు మనము అందులో ఉన్నామో లేదో వ్యాకరణము చెప్పదు. అతడు మనలను ఎట్లు చూచుచున్నాడో అదే చెప్పును.

మనకైతే ఆ సాకు లేదు. మన భాష ప్రతిసారి తేల్చి చెప్పమనును. కొత్తవారు వెనుక బల్లపై కూర్చుండగా 'మా సంఘము' అందుమా, 'మన సంఘము' అందుమా? ఇకమీదట ఆరాధనలో ఒక పాఠమైనను వారి భాషలో చదివించుదము. అర్థము వారినే అడుగుదము. నూరేండ్ల క్రిందట పరాయి భాషవారు మన మాట నేర్చుకొన్నందుననే నేడు ఈ పండుగ చేసికొనుచున్నాము. ఆ ఋణము తీర్చు వంతు మనది.

దేవునికే మహిమ కలుగునుగాక.