ధర పడిన బ్యాంకి వాటాలు

ముప్పదియేండ్లు బడిలో వ్యాకరణము చెప్పిన నేను బ్యాంకి వాటాలనుగూర్చి ప్రసంగింపఁబూనుట మీలోఁ గొందఱికి వింతగాఁ దోఁచవచ్చును. 2017లో ఉద్యోగవిరమణము నాఁడు చేతికి వచ్చిన సొమ్ములో లక్షరూపాయలు పెట్టి, ధర సగమునకుఁ బడిన యొక బ్యాంకి వాటాలు కొంటిని. వాటా చౌక, డివిడెండు శాశ్వతము అని నా లెక్క. ఐదేండ్లు దమ్మిడీ రాలేదు. మా యింటియామె కాఁపుదనమెఱిఁగిన యింటఁ బుట్టినది, "పండ్లు చూడక యెద్దును కొందురా?" అని యొక్కమాట యనెను.

ఆ మాటతో వార్షిక నివేదికలు చదువ నారంభించితిని. బ్యాంకికిఁ బండ్లనఁగా మొండిబాకీలును మూలధనమును. డివిడెండు ధరనుండి పుట్టదు; మొండిబాకీలకుఁ దీసిపెట్టఁగా మిగిలిన లాభమునుండి పుట్టును. ఆ లాభముండియుఁ జేతికి రాని కాలమును గలదు. 2020 ఏప్రిలులో, కరోనా కారణమున, ఆ యేఁటి లాభములనుండి డివిడెండు పంచరాదని రిజర్వుబ్యాంకు బ్యాంకుల నాదేశించెను.

భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్టణమున స్థాపించిన ఆంధ్రాబ్యాంకు 2020 ఏప్రిలు 1న యూనియన్ బ్యాంకులోఁ గలిసెను. వేయి వాటాలవారికి 325 వచ్చినవి. వానిని విడువక యుంచుకొన్నవారికి 2023-24కు వాటా యొక్కింటికి 3 రూపాయల 60 పైసలు ముట్టినవి. అదే 2020 నవంబరులో లక్ష్మీవిలాస్ బ్యాంకు డీబీఎస్‌లోఁ గలిసినప్పుడు డిపాజిటుదారుల సొమ్ము నిలిచినది. వాటాదారులకు మిగిలినది సున్న. రెండును ధర పడిన వాటాలే సుమా!

నా వాటాలు నేఁటికిని నాయొద్దనే యున్నవి. ఆఱవయేఁట వచ్చిన మొదటి డివిడెండును మా యింటియామె చేతఁ బెట్టితిని. ఆమె లెక్కించి, "ఇది యెద్దుకు గడ్డి ఖర్చు" అనెను.