చాక్లెట్ ఉంది, చేరలేదు

ఎంబీఏలో సిస్టమ్స్ స్పెషలైజేషన్ తీసుకుంటే ప్రోగ్రాములు రాయాలేమోనని చాలామంది జంకుతారు. అక్కడ అసలు చదువు వేరు. ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి, ఎప్పుడు మొదలుపెట్టాలి, పాత పద్ధతికి అలవాటుపడ్డ సిబ్బందిని ఎలా మార్చాలి అన్నదే.

అమెరికా చాక్లెట్ కంపెనీ హెర్షీ ఉదంతం ఈ తరగతుల్లో తరచూ వస్తుంది. కంపెనీ సాఫ్ట్‌వేర్ మార్చడానికి 48 నెలలు పట్టే పనిని 30 నెలల్లో ముగించాలనుకుంది. ఆర్డర్లు, రవాణా చూసే కొత్త వ్యవస్థలన్నిటినీ 1999 జులైలో ఒక్కసారే వాడుకలోకి తెచ్చింది. హాలోవీన్ పండుగ ఆర్డర్లు వచ్చిపడే కాలమది! గిడ్డంగుల్లో సరుకుంది, దుకాణాలకు చేరలేదు. దాదాపు 10 కోట్ల డాలర్ల ఆర్డర్లు తీర్చలేకపోయింది. నన్నడిగితే అది కోడ్ తప్పు కన్నా ముహూర్తం తప్పు. బీబీఏ, బీకాం చదివి ఎంబీఏకి వచ్చే విద్యార్థులకు ఇన్వాయిస్, స్టాకు లెక్కలు ముందే తెలుసు కాబట్టి ఈ పాఠం త్వరగానే పట్టుబడుతుంది.