సాకే మనిషికీ ఆసరా కావాలి

 

చదువు పూర్తిచేసి పట్టాలు అందుకుంటున్న మీకు ఈ ఘంటసాలలో ఒక బాధ్యత అప్పగించాలని వచ్చాను. యుద్ధంలోనో, సరిహద్దు విధుల్లోనో వెన్నెముక దెబ్బతిని మంచాన పడ్డ సైనికుడిని సాకుతున్న భార్య గురించి, తల్లి గురించి ఆలోచించండి. రెండు గంటలకొకసారి అతన్ని పక్కకు తిప్పకపోతే ఒంటిమీద పుండ్లు పడతాయి. మూత్రపు గొట్టం శుభ్రంగా లేకపోతే జ్వరం కాస్తుంది. రాత్రిపూట కూడా లేవక తప్పదు. ఇక ఆమె ఉద్యోగానికి ఎప్పుడు వెళ్తుంది? తన ఆరోగ్యం ఎప్పుడు చూసుకుంటుంది?

ఒక పోలిక చెబుతాను. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ఒక్కపూటలో ముంచేసింది. తేరుకోవడానికి ఏళ్లు పట్టింది. సైనికుడి గాయమూ అంతే. తగిలేది క్షణంలో, మోయాల్సింది జీవితాంతం.

ప్రభుత్వం చేసిన మేలును మరువకూడదు. నడుము కింద చచ్చుబడ్డ జవాన్ల కోసం పుణె దగ్గర ఖడ్కీలో 1974 నుంచి, మొహాలీలో 1978 నుంచి పునరావాస కేంద్రాలు నడుస్తున్నాయి. 2003లో మాజీ సైనికులకూ వారి కుటుంబాలకూ ఈసీహెచ్ఎస్ పథకం కింద వైద్యం మొదలైంది. నూరు శాతం వైకల్యంతో, నిత్యం ఒకరి తోడు కావాలని మెడికల్ బోర్డు తేల్చినవారికి సహాయక భత్యం ఇస్తారు. 2017 జులై నుంచి దాన్ని నెలకు 6,750 రూపాయలు చేశారు. అయితే అది పింఛనుదారుడి పేరున వస్తుంది. సాకే మనిషికి శిక్షణ, సెలవు, సొంత ఆదాయం ఇంకా దక్కలేదు.

ఇవి కల్పించడం అసాధ్యమేమీ కాదు. అమెరికా 2010లో చట్టం చేసి, గాయపడ్డ సైనికులను చూసుకునే కుటుంబ సభ్యులకే నెలనెలా భృతి, శిక్షణ, మానసిక చికిత్స, ఏటా కనీసం 30 రోజుల విరామ సేవ కల్పించింది. అంత దూరం ఎందుకు, కేరళలో ఆశ్వాసకిరణం పథకం మంచాన పడ్డవారిని సాకేవారికి నెలకు 600 రూపాయలు ఇస్తోంది. మొత్తం చిన్నదే, గుర్తింపు పెద్దది. మన దేశపు 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కూడా, జీతం లేకుండా చూసుకునే ఇంటివారినీ సంరక్షకులుగానే లెక్కించింది. ఎక్కువ ఆసరా అవసరమైన దివ్యాంగులకు సంరక్షణ భత్యం గురించి 24వ సెక్షన్‌లో రాసింది. చట్టంలో ఉన్న మాట ఇంటి గడప దాకా రావాలి.

అందుకు మీరు పూనుకోవాలి. మీ ఊళ్లో అలాంటి ఇల్లు ఉంటే వెళ్లండి. సైనిక పింఛన్ల ఆన్‌లైన్ వ్యవస్థ అయిన స్పర్శ్‌లో ఏటా ఇవ్వాల్సిన జీవన ధ్రువీకరణను మీ ఫోన్‌లోనే చేసిపెట్టండి. సహాయక భత్యానికి అర్హత ఉందేమో కనుక్కుని, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి అర్జీ రాయండి. వారంలో ఒక పూట ఆ రోగి దగ్గర కూర్చుని, ఆ తల్లిని కాస్త నిద్రపోనివ్వండి. మీలో అధికారులయ్యేవారు సంరక్షకురాలి పేరు రికార్డుకెక్కించి, ఆమె ఖాతాలోనే భృతి పడేలా నిబంధనలు రాయించండి. మిగతావారు ఓటు అడగవచ్చిన ప్రతి నాయకుణ్ణీ దీని గురించి నిలదీయండి.

దేశం కోసం ఒళ్లు అర్పించినవాడి బాధ్యత దేశానిది. అతన్ని సాకుతున్న మనిషి బాధ్యతా దేశానిదే. ఆ బాకీ తీర్చే తరం మీదే కావాలి. మీకు శుభం కలగాలి. జై హింద్.