మన గదుల్లో అక్కినేని

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ఏటా ఈ సభలో అకామా గురించి, జీతాల బకాయిల గురించి, ఊరికి పంపే కాగితాల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి ఒక సినిమా నటుడి గురించి చెప్పాలని కమిటీలో అనుకున్నప్పుడు, "ఇంత దూరం వచ్చి సినిమా కబుర్లా?" అని కొందరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. చివరిదాకా వింటే జవాబు మీకే తెలుస్తుంది.

మనలో పాతవాళ్ళకు గుర్తుంటుంది. ఈ దేశంలో ముప్పై ఏళ్ళకు పైగా సినిమా హాళ్ళు లేవు. 2018 ఏప్రిల్‌లో రియాద్‌లో మళ్ళీ మొదటి హాలు తెరిచారు. అంతకుముందు మనకు సినిమా అంటే క్యాంపు గదే. నలుగురం చందా వేసుకుని టీవీ, వీసీఆర్ కొనడం, శుక్రవారం బత్తాకు పోయి కూరగాయలతో పాటు ఒక క్యాసెట్ తెచ్చుకోవడం. జగిత్యాల అన్న, కడప తమ్ముడు, కోనసీమ బాబాయి ఒకే చాప మీద కూర్చునేవాళ్ళం. కొత్త సినిమా పెట్టాలంటే తగువు వచ్చేది, నీ హీరో నా హీరో అని. తగువు తెగకపోతే పెద్దాయన ఎవరో ఒకరు లేచి అక్కినేని నాగేశ్వరరావు సినిమా పెట్టేవారు. గది అంతా సద్దుమణిగేది.

ఆ నాగేశ్వరరావు గారికి 2024లో నూరేళ్ళు నిండాయి. 1924 సెప్టెంబర్ 20న కృష్ణా జిల్లా గుడివాడ దగ్గర రామాపురంలో, వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టారు. అన్నదమ్ముల్లో చిన్నవాడు. చదువు ప్రాథమిక బడితోనే ఆగిపోయింది. పిల్లవాడికి నాటకాల పిచ్చి. ఆ రోజుల్లో ఆడవాళ్ళు నాటకం వేయడం అరుదు కాబట్టి, సన్నగా, నాజూగ్గా ఉన్న మగపిల్లలకు ఆడవేషం కట్టేవారు. ఈయనా చీర కట్టుకునే రంగస్థలం మీదికి వచ్చారు. నవ్వినవాళ్ళు నవ్వారు. కానీ నడక, చూపు, ఎదుటి నటుడి మాటకు ముఖంలో చూపించే జవాబు, ఇవన్నీ అక్కడే పట్టుబడ్డాయి.

1941లో 'ధర్మపత్ని'లో చిన్న వేషం దొరికింది. దాంతో ఒరిగిందేమీ లేదు. మళ్ళీ నాటకాలే. తర్వాత ఒకరోజు విజయవాడ రైల్వే స్టేషన్‌లో నిర్మాత, దర్శకుడు ఘంటసాల బలరామయ్య గారి కంట పడ్డారు. ఆ చూపే ఆయన్ని మద్రాసుకు చేర్చింది. 1944లో 'శ్రీ సీతారామ జననం'లో రాముడి వేషం. ఇరవై ఏళ్ళ పల్లెటూరి కుర్రాడు, పెట్టె పట్టుకుని, భాష వేరే ఉన్న ఊళ్ళో దిగాడు. ఆనాడు తెలుగు నటుడికి మద్రాసే పరదేశం. మనం దమ్మామ్‌లోనో జెద్దాలోనో మొదటిసారి దిగినప్పుడు ఎలా ఉంటుందో మనకు తెలుసు కదా, ఆ బెదురు ఆయనకూ తప్పి ఉండదు.

ఆయన్ని పుట్టుకతోనే మహానటుడు అనేస్తే పొరపాటు. ఆయనకు లేనివి చాలా ఉన్నాయి. ఎన్టీఆర్ గారికి ఉన్న విగ్రహం లేదు. ఎస్వీ రంగారావు గారికి ఉన్న గొంతు లేదు. తొలి సినిమాల్లో తన పాటలు తానే పాడుకున్నారు. తనకన్నా బాగా పాడేవాడు ఉన్నాడని తెలిశాక ఆ పని ఘంటసాల గారికి వదిలేశారు. ఆ తర్వాత ఆ గొంతూ ఈ ముఖమూ ఒకే మనిషివి అన్నంతగా కలిసిపోయాయి. చదువు లేదన్న లోటును కూడా అలాగే పూడ్చుకున్నారు. పట్టుబట్టి ఇంగ్లీషు నేర్చుకున్నారు. బడి మానేసిన ఆ మనిషి ఇచ్చిన విరాళంతో నిలబడి, ఆయన పేరు పెట్టుకున్న కాలేజీ ఇవాళ గుడివాడలో ఉంది. తనకేది రాదో తెలుసుకోవడం, సిగ్గుపడకుండా నేర్చుకోవడం. మనలో అరబ్బీ రాక, అగ్రిమెంటులో ఏముందో చదవలేక వేలిముద్ర వేసి వచ్చినవాళ్ళం ఉన్నాం. అందుకే ఈ సంగతి ముందు చెబుతున్నాం.

1948లో 'బాలరాజు', 1949లో 'కీలుగుర్రం'. జానపద హీరోగా పేరు వచ్చింది. అప్పుడు 'దేవదాసు' తీస్తామన్నారు. కత్తి పట్టి గుర్రమెక్కే కుర్రాడు ఆ తాగుబోతు జమీందారు బిడ్డ వేషం ఏం వేస్తాడని చాలామంది పెదవి విరిచారు. వేదాంతం రాఘవయ్య గారి దర్శకత్వంలో, పార్వతిగా సావిత్రి గారితో, 1953లో ఆ సినిమా వచ్చింది. ఆ తర్వాత దేవదాసు అంటే ఆయనే, ఆయనంటే దేవదాసే.

ఆ తూలే నడక, మూతపడే కళ్ళు చూసి, నిజంగానే తాగి నటించారని జనం అనుకున్నారు. అసలు సంగతి ఆయనే ఎన్నోసార్లు చెప్పారు. ఆ సీన్లు రాత్రిపూట తీసేవారు. ఈయన కడుపునిండా పెరుగన్నం తిని వచ్చేవారు. నిద్ర ముంచుకొస్తుంటే ఆపుకుంటూ నటించేవారు. ఆ మత్తు పెరుగన్నం మత్తు! ఈ మాట ఇక్కడ ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. ఈ దేశంలో మందు నిషేధం. అయినా ఇంటి మీద బెంగతో, చాటుగా కాచిన దొంగసారా తాగి కళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు, జైలుకు పోయినవాళ్ళు, ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ళు గల్ఫ్‌లో ఉన్నారు. దేవదాసు బాధను మనం నమ్మాం, సరే. ఆ నటుడు మాత్రం షూటింగ్ కాగానే ఇంటికి పోయి, నిద్రపోయి, మర్నాడు పనికి వచ్చాడు.

'దేవదాసు' తర్వాత అన్నీ ఏడుపు వేషాలే వస్తాయని గ్రహించి, 1955లో 'మిస్సమ్మ'లో నవ్వించే డిటెక్టివ్ వేషం కోరి వేశారు. అందులో హీరో ఎన్టీఆర్ గారు. హీరోగా వెలుగుతూ ఇంకొకరి సినిమాలో చిన్న పాత్ర వేయడానికి ఆయన నామోషీ పడలేదు. 'మాయాబజార్'లో అభిమన్యుడు, 'తెనాలి రామకృష్ణ'లో వికటకవి, 'మహాకవి కాళిదాసు', 'మూగ మనసులు'లో గోదారి మీద పడవ నడిపే గోపి, 'నవరాత్రి'లో ఏకంగా తొమ్మిది పాత్రలు. మొత్తం రెండు వందల యాభైకి పైగా సినిమాలు. 1968లో పద్మశ్రీ, 1988లో పద్మభూషణ్, 2011లో పద్మవిభూషణ్, 1990 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే. అవార్డుల జాబితా ఇక్కడితో ఆపుదాం. అసలు చెప్పదలచుకున్నది దాని తర్వాతి సంగతి.

1974. ఆయనకు యాభై ఏళ్ళు. గుండె జబ్బు బయటపడింది. అమెరికా వెళ్ళి బైపాస్ ఆపరేషన్ చేయించుకున్నారు. ఆ రోజుల్లో గుండె కోశారంటే మనిషి పని అయిపోయిందనే లెక్క. ఆయన తిరిగి వచ్చి, హైదరాబాద్‌లో బంజారాహిల్స్ రాళ్ళ మధ్య స్టూడియో కట్టారు. భార్య పేరు మీద అన్నపూర్ణ స్టూడియోస్, 1976లో మొదలైంది. పరిశ్రమ ఇంకా మద్రాసులోనే ఉండగా, అంతకు పదేళ్ళ ముందే హైదరాబాద్‌కు మకాం మార్చిన మనిషి ఆయన. సొంత గడ్డ మీద పని ఉండాలన్న కోరిక మనకంటే ఎక్కువ ఎవరికి అర్థమవుతుంది? 1988లో మళ్ళీ గుండె ఆపరేషన్. ఆ తర్వాత మరో ఇరవై అయిదేళ్ళు బతికారు. తిండిలో అదుపు, రోజూ నడక, డాక్టరు చెప్పింది చెప్పినట్టు చేయడం. ఆయన్ని ఎరిగినవాళ్ళందరూ చెప్పే మాట ఇదే.

ఇప్పుడు రెండు కథలు పక్కపక్కన పెడతాం.

మొదటిది సినిమా కథ. 1981లో దాసరి నారాయణరావు గారి 'ప్రేమాభిషేకం'. అందులో హీరోకు క్యాన్సర్. ఆ సంగతి ప్రేమించిన అమ్మాయికి చెప్పడు. తన మీద ఆమెకు అసహ్యం పుట్టాలని చెడ్డవాడిలా నటిస్తాడు. ఆమె ఇంకొకరిని పెళ్ళి చేసుకునేలా చేస్తాడు. హాళ్ళు నెలల తరబడి కిటకిటలాడాయి. మన గదుల్లో ఆ క్యాసెట్ అరిగిపోయింది. ఎంత త్యాగం అని మనమూ కళ్ళు తుడుచుకున్నాం.

రెండోది బతుకు కథ. 2013 అక్టోబర్‌లో ఆయనకు నిజంగానే క్యాన్సర్ అని తేలింది. వయసు ఎనభై తొమ్మిది. దాచిపెట్టడానికి ఇల్లుంది, స్టూడియో ఉంది, చుట్టూ కాపలా కాసే కుటుంబం ఉంది. ఆయన దాచలేదు. విలేకరులను పిలిపించుకుని, తనకు ఫలానా జబ్బు వచ్చిందని తన నోటితోనే చెప్పారు. బెదరలేదు, ఏడవలేదు. ఆపరేషన్ చేయించుకున్నారు. కొడుకుతో, మనవళ్ళతో కలిసి 'మనం' సినిమాలో నటించారు. మంచం పట్టాక ఇంటి దగ్గరే తన మాటలకు డబ్బింగ్ చెప్పి, ఆ పని పూర్తి చేశారు. 2014 జనవరి 22న కన్నుమూశారు. సినిమా మే నెలలో వచ్చింది.

తెర మీద జబ్బు దాచిన మనిషి, బయట అందరికీ చెప్పాడు. మనం ఏ కథను పట్టుకున్నాం? మొదటిదాన్ని.

మా క్యాంపులో ఒక అన్న ఉండేవాడు. పేరు చెప్పం, ఆయన పిల్లలు ఈ పుస్తకం చదవవచ్చు. నెల రోజులుగా ఛాతీలో మంట అంటుండేవాడు. గ్యాస్ అని సోడా తాగేవాడు. ఆసుపత్రికి పోదాం రా అంటే, డ్యూటీ పోతే జీతం కోస్తారు, అన్‌ఫిట్ అని ఇంటికి పంపేస్తారు, బిడ్డ పెళ్ళి అప్పు ఇంకా తీరలేదు అనేవాడు. రోజూ రాత్రి వీడియో కాల్‌లో భార్య "ఎట్లున్నవ్?" అని అడిగేది. దిండుకు ఆనుకుని, లైటు మొహం మీద పడేలా సర్దుకుని, "మంచిగున్న, నాకేంది?" అని నవ్వేవాడు. పక్క మంచాల మీద మేం వింటూనే ఉన్నాం. ఒక తెల్లవారుజామున డ్యూటీకి లేపబోతే లేవలేదు. ఫోన్ చేసిన మమ్మల్ని ఆమె ఒకటే అడిగింది: "మీకు తెలుసా? తెలిసి నాకెందుకు చెప్పలే?" ఆ ప్రశ్నకు మా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. ఆయన దాచాడు, మేం ఆ దాపరికానికి తోడుపోయాం.

నాగేశ్వరరావు గారికి డబ్బుంది, అమెరికా పోయారు, మనకెక్కడిది అంటారు. నిజమే. ఆయనతో మనకు పోటీ లేదు. కానీ బీపీ చూపించుకోవడానికి అమెరికా పోనక్కర్లేదు. ఇక్కడ ప్రైవేటు కంపెనీలో పనిచేసేవాడికి ఆరోగ్య బీమా చేయించడం యజమాని బాధ్యత. ఆ బీమా ఉందో లేదో, ఉంటే ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో మనలో ఎంతమంది కనుక్కున్నాం? ఇక ఇంట్లో నిజం చెప్పడానికైతే రూపాయి ఖర్చు లేదు. "నాకు ఒంట్లో బాగాలేదు, డాక్టరు దగ్గరికి పోతున్నా" అంటే ఇంటివాళ్ళు భయపడతారు. ఒకరాత్రి నిద్రపోరు. అంతే కదా! తెలియకుండా జరిగితే, జన్మంతా నిద్రపోరు.

అందుకే ఈసారి సభలో మూడు మాటలు అడుగుతున్నాం. నలభై దాటిన ప్రతివాళ్ళూ ఏడాదికి ఒకసారైనా బీపీ, షుగర్ చూపించుకోవాలి. గదిలో ఎవరికైనా ఛాతీ నొప్పి, ఆయాసం, ఎడమ చెయ్యి లాగడం కనిపిస్తే, వాళ్ళు వద్దన్నా మనం ఆసుపత్రికి తీసుకుపోవాలి. డ్యూటీ సంగతి, ఫోర్‌మన్‌తో మాట్లాడే సంగతి సంఘం చూసుకుంటుంది. మూడోది, ఇంటికి చెప్పాలి. భార్యకు చెప్పలేకపోతే అన్నకో, బావమరిదికో చెప్పాలి. ఊళ్ళో ఒక్కరికైనా నిజం తెలిసి ఉండాలి.

భోజనాలయ్యాక ఇక్కడే 'సీతారామయ్యగారి మనవరాలు' వేస్తున్నాం. 1991లో క్రాంతికుమార్ గారు తీసిన సినిమా. అందులో నాగేశ్వరరావు గారు కొడుకు మీద కోపంతో మాట మానేసిన తండ్రి. కొడుకు పరదేశంలో, తండ్రి గోదావరి గట్టున. ఇద్దరి మధ్యా చెప్పుకోని మాటలు. ఎన్నిసార్లు చూసినా మనకు అది సినిమాలా అనిపించదు.

సినిమా మొదలయ్యేలోపు వెనక బల్ల దగ్గర మన నర్సు చెల్లెళ్ళు బీపీ మిషన్లు పెట్టుకుని కూర్చుంటారు. లైను కట్టండి. కుర్చీ పోతుందని భయపడొద్దు, తువ్వాలు వేసి పోండి, మేం చూస్తుంటాం.