తేమనేలలో గుండ్రని యిల్లు
(బరంపురమున పోషకుల సభలో చేసిన ప్రసంగము)



మంగోలియా పశుపాలకుల గుడారపుటింటిని వారు గెర్ అందురు. లోకము యుర్ట్ అనుచున్నది. ఆ నిర్మాణవిద్యను 2013లో యునెస్కో మానవజాతి వారసత్వముగ గుర్తించినది. అట్టి ఇల్లు మనకును కావలెనను ముచ్చట సహజమే. కాని వారి రాజధాని ఉలాన్‌బాతరులో ఏటి సగటు వర్షము 300 మిల్లీమీటర్లకు లోపు. మన గంజాము తీరమున 1,000కి పైమాట. అచట చలినాపు ఉన్నికంబళి ఇచట చెమ్మ పీల్చి బూజుపట్టును. ప్లాస్టిక్ గుడ్డ కప్పినచో లోని ఆవిరి వెలికిపోదు. ఆ బూజు పసివారి ఊపిరికి హాని.

కావున ఆకారమును గ్రహించి, కప్పును మార్చుకొనవలెను. అరుగు ఎత్తుగ నుండవలెను. గోడ అడుగునను శిఖరమునను గాలిదారులున్నచో వేడిగాలి పైకిపోవును, చల్లగాలి క్రిందినుండి వచ్చును. శిఖరముపై గొడుగువంటి మూత అవసరము.

ఇది మనకు క్రొత్త కాదు. శ్రీకాకుళము, విశాఖ తీరములలో మన పెద్దలు మట్టిగోడలతో, తాటాకు కప్పుతో చుట్టిండ్లు కట్టిరి. మూలలులేని గోడను ఒరసికొని గాలి ప్రక్కలకు జారును. క్రిందికి దిగిన చూరు గాలిని లోనికి సులభముగ దూరనీయదు. 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ వద్ద తీరము దాటిన ఫైలిన్ తుపానును ఎరిగిన మనకు దీని విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

సెలవులలో ఆ ప్రాంతములకు వెళ్ళినపుడు, మిగిలియున్న చుట్టింటిని పిల్లలకు చూపుడు. అరుగు, చూరు, వాసము అను మాటలను అచటనే నేర్పుడు. ఇల్లు కూలిన పిదప మాట నిలుచుట కష్టము.