రాతిలో పులి, ఫోటోలో చిరుత



కృష్ణగిరిలో ప్రభుత్వ మ్యూజియం ఉంది. 1993 నుంచి ఉంది. అక్కడ వీరగల్లులు చూడాలి. పోరాడి ప్రాణం విడిచినవారి జ్ఞాపకంగా ఊరు నిలిపిన రాళ్ళవి. మన ప్రాంతంలో పులితో పోరాడినవారికీ వీరగల్లులున్నాయి. ఎగబడే పులి, ఎదురు నిలిచిన మనిషి, చేతిలో కత్తి. కెమెరా లేని కాలంలో మన అడవికి ఫోటో అదే.

ఇప్పుడా పని కెమెరా చేస్తోంది. అడవి దారిలో చెట్టుకు ఒక చిన్న పెట్టె కడతారు. దగ్గర మనిషి ఉండడు. వెచ్చని ఒళ్ళు ముందు కదిలితే చాలు, ఫోటో పడుతుంది. ఒక చిరుత మచ్చలు ఇంకో చిరుతకు ఉండవు. అందుకే ఫోటో చూసి ఏది ఏదో పోల్చుకుంటారు, లెక్క కడతారు. ఆ ఫోటో అందానికే కాదు, లెక్కకు కూడా.

మన అడవుల సంగతికొస్తే, డెంకణికోట వైపువి 2014లో కావేరి ఉత్తర అభయారణ్యంలో చేరాయి. అక్కడ నది ఒడ్డు చెట్లమీద పెద్ద బూడిదరంగు ఉడత ఉంటుంది. మన పిల్లలకు సింహం తెలుసు, ఈ ఉడత తెలియదు. నాకు అదే బాధ.

అక్టోబరు 2 నుంచి 8 వరకు వన్యప్రాణి వారోత్సవాలు. మ్యూజియంలో, అటవీ శాఖలో ఏ కార్యక్రమాలున్నాయో ముందే కనుక్కోండి. పిల్లల్ని తీసుకెళ్ళండి. అడవి ఫోటో కనిపిస్తే అందులో జంతువునే కాదు, చుట్టూ ఏముందో చూపించండి. ఏ చెట్టు? నీళ్ళున్నాయా? పగలా, రాత్రా?

ఇంకొక్క మాట. రాగి కోతలవేళ బన్నేరుఘట్ట నుంచి జవళగిరి, తళి వైపు ఏనుగులు వస్తాయి. ఫోటో కోసం దగ్గరికి వెళ్ళొద్దు. మళ్ళీ చెప్తున్నాను, వెళ్ళొద్దు. అటవీ శాఖకు కబురు చెయ్యండి.